మొదటివి మేం చెప్పం

లిఫ్టులో ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట, "బెల్టు తిరగేసి పెట్టుకున్నారు."

నేను అప్పటికే మంచి చిరాకులో ఉన్నాను. గుండెలకి కట్టుకున్న బేబీ క్యారియర్‌లో మా అక్క కూతురు గుక్కపట్టి ఏడుస్తోంది. దానికి ఇంట్లో ముద్దుపేరు సైరన్. పెట్టింది మా బావ. అది ఒకసారి మొదలెట్టిందంటే అపార్ట్‌మెంటు మొత్తం కిటికీలు తీసి చూడాల్సిందే.

"మీకెంతమంది పిల్లలండీ?" అన్నాను.

"నాకా? ఎవరూ లేరు."

"మరి ఈ ఉచిత సలహాలెందుకు?"

"మీకు కాదండీ, పాప తరఫున చెప్పాను. నడుముకి ఉండాల్సిన పట్టీ మీ మెడకుంది. దాని తొడలు ఒరుసుకుంటున్నాయి. పాపం, దానికి మాటలు రావుగా."

లిఫ్టు ఆగింది. నేను దిగాను. ఆమె కూడా దిగింది. నేను మా తలుపు ముందు ఆగాను. ఆమె కూడా ఆగింది.

"ఇదెక్కడి గొడవండీ? ఇంటిదాకా వచ్చి మరీ చెప్తారా?"

"ఈ ఇంట్లో పిల్లల్ని చూసుకోవడానికి నానీ కావాలన్నారు. ఇంటర్వ్యూకి వచ్చాను."

నా నోరు మూతపడింది. సైరన్ నోరు మాత్రం పడలేదు.

అసలు సంగతి ఏమిటంటే, మా అక్కకి ఆఫీసులో సెలవు అయిపోవచ్చింది. పై అంతస్తులో ఉండే లాయర్ మేడమ్ కూడా మళ్ళీ కోర్టుకి వెళ్ళాలి. ఆవిడ కొడుకు సైరన్ కంటే కాస్త చిన్నవాడు. వాడు ఏడవడు, వేలు చూపిస్తాడంతే. చుట్టూ ఉన్నవాళ్ళు పరిగెత్తి తెచ్చివ్వాలి. అందుకే వాడి పేరు బాస్. ఇద్దరు పిల్లలకీ కలిపి ఒకే నానీని పెట్టుకుందాం, ఒక వారం మా ఇంట్లో, ఇంకో వారం వాళ్ళింట్లో చూసుకుంటుంది అని ఇద్దరు తల్లులూ తీర్మానించారు. నానీ షేర్ అంటారట దీన్ని. అక్కావాళ్ళింట్లోనే ఉంటూ అక్కడినుంచే ఉద్యోగం చేసుకునే నన్ను అందులో ఎవరూ సలహా అడగలేదు.

ఇంటర్వ్యూ మా హాల్లో జరిగింది. ఆ అమ్మాయి రాగానే సైరన్‌ని అందుకుంది. బెల్టు విప్పి, ఎర్రబడిన చోట చేత్తో నెమ్మదిగా రాసింది. ఏడుపు ఆగిపోయింది. అక్క నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి అర్థం నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

లాయర్ మేడమ్ ప్రశ్నలు వేద్దామని సర్దుకుని కూర్చుంది. ఈలోగా ఈ అమ్మాయే మొదలెట్టింది.

"పాప దేనికి భయపడుతుంది మేడమ్?"

"మిక్సీ చప్పుడికి," అంది అక్క.

"బాబుకి నిద్రొస్తే ఎలా తెలుస్తుంది?"

"చెవి లాక్కుంటాడు," అంది లాయర్ మేడమ్, సాక్షిబోనులో నిలబడ్డట్టు.

తర్వాత ఆమె తన సంగతి దాచకుండా చెప్పింది. ఇదివరకు తను చూసుకున్న పిల్లలవాళ్ళు ఊరు మారిపోయారు. ఒక్క ఇంటి పనితో ఆమె గది అద్దె, ఖర్చులు గడవవు. రెండిళ్ళు కలిస్తే గడుస్తాయి. ఇది కుదరకపోతే దూరపు ఊళ్ళో, వాళ్ళింట్లోనే ఉండి పిల్లల్ని చూసుకునే పని ఒకటి ఉంది. దానికి పోవాలి.

"అదే మంచిది కదా? తిండీ గదీ అన్నీ వాళ్ళవే," అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"అందుకే వద్దండీ. పొద్దంతా ఒకరి ఇంటిని నా ఇల్లనుకుని పనిచేస్తాను. సాయంత్రమయ్యేసరికి నా తాళంచెవితో తీసుకునే తలుపు ఒకటి ఉండాలి నాకు."

అక్క ఇంకేం అడగలేదు. "రేపట్నుంచి వచ్చెయ్ అమ్మా. పిల్లలు నిన్ను పిన్ని అని పిలుస్తార్లే," అంది.

నేను తాగుతున్న టీ ముక్కులోకి పోయింది.

సైరన్‌కి పిన్ని అంటే, మా అక్కకి చెల్లెలు. మా అక్కకి చెల్లెలంటే నాకు ఏమవుతుందో వేరే చెప్పాలా! లిఫ్టులో ఆమె మీద విసుక్కున్న కాసేపటికే నాకు ఆ వరస నచ్చకపోవడమేమిటో నాకే అర్థం కాలేదు.

"పిన్ని ఎందుకక్కా? అత్త అనిపించొచ్చుగా?" అన్నాను.

హాల్లో అందరూ నావైపు తిరిగారు. బాస్ కూడా నన్నే చూశాడు.

లాయర్ మేడమ్ గొంతు సవరించుకుంది. "నాదొక షరతు. ఇంట్లో మగవాళ్ళతో పని మాటలే. ఆ గీత దాటితే ఈ ఏర్పాటు ఆ రోజుతో సరి."

"నావైపు చూసి చెప్తారేంటి మేడమ్? బావ కూడా మగాడేగా?"

"నన్ను లాగకురా బాబూ," అన్నాడు బావ పేపరు వెనకనుంచి.

అలా మొదలైంది మా నానీ షేర్. మా వంతు వారం నాకు పండగలా ఉండేది. పైవాళ్ళ వంతు వచ్చిందంటే మధ్యాహ్నానికే గోడలు కరిచేలా ఉండేవి. ఏదో ఒక వంకతో మెట్లెక్కేవాణ్ణి. సైరన్ సాక్సు మర్చిపోయారండీ అని ఒకసారి, బాస్ గిలక్కాయ మా సోఫా కింద దొరికిందండీ అని ఇంకోసారి.

"మామయ్యగారూ, ఆ గిలక్కాయ నిన్న మీరే తీసుకెళ్ళారు," అంది ఓ రోజు తలుపు సగమే తెరిచి. పిల్లల వరసతో అందర్నీ పిలవడం ఆమెకి అలవాటు.

"అవునా? పొరపాటున జేబులో పడుంటుంది."

"మీ ఉద్యోగం ఏంటన్నారు?"

"కంపెనీల యాప్‌లలో తప్పులు వెతికి పట్టుకోవడం."

"పాపం ఆ కంపెనీలు," అని తలుపేసింది. లోపల్నుంచి నవ్వు వినిపించింది. ఆ నవ్వుతో ఆ వారమంతా వెళ్ళదీశాను.

ఒక మధ్యాహ్నం జోరుగా వాన మొదలైంది. ఆమె ఇద్దర్నీ మా బాల్కనీలోకి తీసుకొచ్చింది. సైరన్ అరచేతిని పట్టుకుని చూరు నుంచి పడే చినుకుల కింద పెట్టింది. చినుకు పడగానే అది ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది, తర్వాత ఇంకా కావాలన్నట్టు చాచింది. బాస్ వానకేసి వేలు చూపించాడు. నేను మీటింగులో ఉండి కూడా మైకు ఆపేసి అద్దంలోంచి వాళ్ళనే చూస్తూ కూర్చున్నాను. అంతలో ఆమె తలతిప్పి తేరిపార నన్నే చూసింది.

"మామయ్యగారూ," అంది.

"చెప్పండి," అన్నాను, కుర్చీలోంచి లేచి.

"మీ చొక్కా భుజం మీద పాలు కక్కిన మరకుంది. మీటింగులో వాళ్ళకి కనిపిస్తోందేమో చూసుకోండి."

ఆ పిల్లంటే నాకిష్టం. ఇందులో దాపరికమేమీ లేదు. కానీ చెప్తే, లాయర్ మేడమ్ గీత దాటినట్టు. గీత దాటితే ఆమె పని పోతుంది, గది పోతుంది, తాళంచెవి పోతుంది. నా మాట ఆమె బతుకు మీదికి వచ్చేటప్పుడు నోరు మూసుకోవడమే న్యాయం. మూసుకున్నాను. కాకపోతే సైరన్ నోరు నా చేతిలో ఉంది కదా!

ఆ వానకి చాలా ముందునుంచే, రోజూ పొద్దున్న అక్క స్నానానికి వెళ్ళగానే క్లాసు మొదలెట్టేవాణ్ణి. ఫోన్‌లో ఆమె, పిల్లలు కలిసున్న ఫొటో చూపించి, "ఎవరమ్మా ఇది? అత్త. అను, అత్త," అనేవాణ్ణి. అది నా మొహాన బుడగలు ఊదేది. ఒక్కసారి కూడా అన్న పాపాన పోలేదు.

ఒక సోమవారం మా వంతు. నీళ్ళ కోసం గదిలోంచి బయటికొచ్చిన నేను అక్కడే ఆగిపోయాను. ఆమె నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచి ఉంది. సైరన్ టీపాయ్ వదిలేసి, తూలుకుంటూ, ఆమెకేసి నడుస్తోంది. నడుస్తోంది! ఆమె ఒళ్ళోకి పడి పకపకా నవ్వింది.

"నడిచిందోచ్!" అని నేను గెంతాను. ఫోను తీశాను, అక్కకి చెప్దామని.

"ఆగండి!" ఆమె పరిగెత్తుకొచ్చి ఫోను మీద చెయ్యి పెట్టింది. "మీరేం చూడలేదు."

"నా కళ్ళతో చూశానండీ!"

"మొదటివి మేం చెప్పం, మామయ్యగారూ. మొదటి అడుగు, మొదటి మాట, ఏదైనా సరే. మా పనిలో అందరూ ఇంతే. మేం చూసింది లెక్కలోకి రాదు. సాయంత్రం మేడమ్ రాగానే, 'పాప నడిచేలా ఉంది, కాస్త కనిపెట్టుకుని ఉండండి' అంటాను. ఆవిడ చూసిందే మొదటిది."

"మరి మీకు? చూసిన ఆనందం ఎవరితోనూ చెప్పుకోరా?"

ఆమె సైరన్ జుట్టు సవరిస్తూ, "ఇవాళ మీరున్నారుగా," అంది.

ప్రమాణం చేశాను. నా మీద నాకు బోలెడు నమ్మకం కూడా ఉండింది.

బుధవారం సాయంత్రం అక్క కేక పెట్టింది. "ఒరేయ్! బావా నువ్వూ రండి! నా కళ్ళముందే నడిచిందిరా! మొదటి అడుగు నా దగ్గరికే వేసింది!" అక్క కళ్ళ నిండా నీళ్ళు. ఆ అమ్మాయి ఇంటికెళ్ళడానికి చెప్పులు వేసుకుంటూ, ఏమీ ఎరగనట్టు ఆశ్చర్యపోయింది. నేను కూడా ఆశ్చర్యపోవాలి. అక్కడే పప్పులో కాలేశాను.

"ఇవాళ రెండడుగులకే పడిపోయిందేంటి? సోమవారం టీపాయ్ దగ్గర్నుంచి పడకుండా నడిచిందిగా!"

అన్నాక నాలిక కరుచుకున్నాను. కరుచుకుని ఏం లాభం?

అక్క మొహంలో రంగు పోయింది. ఆమెకేసి తిరిగింది. "సోమవారమే నడిచిందా? నా కూతురు నడిస్తే నాకు చెప్పలేదా?"

"మేడమ్, మీరే మొదట చూడాలని..."

"ఇంకా ఏమేం దాచావు? రేపు కిందపడినా, దెబ్బ తగిలినా ఇలాగే దాస్తావా?"

"దెబ్బలు దాచను మేడమ్. ఎప్పుడూ దాచలేదు."

అక్క వినే స్థితిలో లేదు. నాకు తెలుసు, అది కోపం కాదు. రోజూ పాపని వదిలి తలుపేసుకుని వెళ్ళేటప్పుడు లిఫ్టులో కళ్ళు తుడుచుకునే మనిషి ఆవిడ. కానీ బయటికి కోపంగానే వచ్చింది. లాయర్ మేడమ్‌ని పిలిచారు. ఆవిడ, "బాస్ విషయంలో కూడా ఇంతేనా?" అని అడిగింది. ఆ అమ్మాయి అబద్ధమాడలేదు. తలొంచుకుని, "అవును మేడమ్," అంది. నమ్మకం లేనిచోట షేర్ ఏమిటన్నారు ఇద్దరూ. రేపట్నుంచి రావద్దన్నారు.

వెళ్తూ వెళ్తూ ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బావుండేది.

"మీరు ఏం చేస్తారిప్పుడు?" అన్నాను లిఫ్టు దగ్గర.

"ఆ ఊరి పని ఇంకా ఖాళీగానే ఉందట. శుక్రవారం సాయంత్రం బస్సుంది. పాపకి అన్నం పెట్టేముందు మిక్సీ వెయ్యకండి."

మర్నాడు నేను అక్కతో ఎంత చెప్పినా వినలేదు. అక్క సెలవు పెట్టి ఆ ఒక్కరోజు గడిపింది. శుక్రవారం ఇద్దరు తల్లులకీ తప్పించుకోలేని పనులు. నా నోటివల్ల వచ్చిందే కాబట్టి నేనే చూసుకుంటానన్నాను.

ఆ రోజు పగలు నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒకరు పడుకుంటే ఇంకొకరు లేచారు. ఒకరికి డైపర్ మారుస్తుంటే ఇంకొకరు నా లాప్‌టాప్ మీద గంజి పోశారు. మధ్యాహ్నానికి నేనే సైరన్ కంటే గట్టిగా ఏడ్చేలా ఉన్నాను. ఆ గందరగోళంలో బాస్ నా మోకాలు పట్టుకుని లేచి నిలబడ్డాడు. గోడమీద అందరం కలిసి దిగిన ఫొటోలో వాళ్ళమ్మకి వేలు చూపించాడు. చూపించి, స్పష్టంగా, "అమ్మ," అన్నాడు.

"ఏదీ, మళ్ళీ అను!" అన్నాను. మళ్ళీ అన్నాడు. ఎత్తుకుని హాలంతా తిప్పాను. చెప్పుకుందామంటే పక్కన మనిషి లేదు. ఇవాళ మీరున్నారుగా అని ఆమె ఆ రోజు ఎందుకందో అప్పుడు తెలిసింది.

సాయంత్రం వాన మొదలయ్యాక లాయర్ మేడమ్ వచ్చింది. నల్లకోటు తడిసిపోయింది, మొహం వాడిపోయింది. గుమ్మంలోనే, "ఇవాళ వీడు కొత్తగా ఏమైనా చేశాడా?" అని అడిగింది.

చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడు ఆవిడ కళ్ళు చూశాను. చేశాడంటే సంతోషించాలో, తను లేనప్పుడే అయిపోయిందని బాధపడాలో తెలియని చూపు అది. కోర్టులో గడగడలాడించే మనిషి, జవాబుకి భయపడుతూ నిలబడింది.

"ఏం లేదు మేడమ్, ఎప్పట్లాగే," అన్నాను. "కాస్త ఎత్తుకోండి. ఏదో అనేలా ఉన్నాడు."

ఆవిడ ఎత్తుకుంది. వాడు తడిసిన కోటు మీద చెయ్యేసి, "అమ్మ," అన్నాడు.

లాయర్ మేడమ్ కుర్చీలో కూలబడి వాణ్ణి హత్తుకుని ఏడ్చింది. నేను గోడకేసి తిరిగి నా కళ్ళు తుడుచుకున్నాను. తిరిగేసరికి గుమ్మంలో అక్క. ఎప్పుడొచ్చిందో, నా మొహాన్నే చూస్తోంది. నా దగ్గరికొచ్చి, మెల్లగా, "వాడు ముందే అన్నాడు కదూ?" అంది.

జీవితంలో మొదటిసారి నోరు అదుపులో పెట్టుకున్నాను.

"చెప్పొద్దు," అంది లాయర్ మేడమ్ కొడుకు తలమీంచి. "అబద్ధం మొహంలోనే పట్టేస్తాను నేను. ఇదొక్కటి మాత్రం పట్టుకోను. ఇది నాకుండనివ్వండి."

అక్క కుర్చీ పట్టుకుని నిలబడింది. "ఆ పిల్ల నాకు ఇచ్చింది కూడా ఇదే కదరా! ఇచ్చినదాన్ని తీసుకెళ్ళి మొహాన కొట్టాను." వెంటనే కారు తాళాలు తీసింది. "బస్సెన్నింటికి? లేవరా! సైరన్‌ని కట్టుకో!"

ఫోను చేస్తే ఎత్తలేదు. వానలో ట్రాఫిక్ అంతా ఇరుక్కుంది. ఆమె ఉండే వీధిలో కారు పట్టదు. అక్క సందు మొదట్లో కారు పెట్టడానికి తంటాలు పడుతుంటే నేను గొడుగేసుకుని పాపతో పరిగెత్తాను. మేడమీద గది. సూట్‌కేసు బయట పెట్టి ఉంది. ఆమె తలుపుకి తాళం వేస్తోంది.

ఆయాసపడుతూ ఆమె ముందుకెళ్ళి నిలబడ్డాను. ఆమె నన్ను చూసింది. నా గుండెలమీదున్న క్యారియర్‌ని చూసింది.

"బెల్టు సరిగ్గానే కట్టుకున్నారే!"

"వెళ్ళకండి," అన్నాను. "అక్క కింద ఉంది, మిమ్మల్ని తీసుకెళ్ళడానికే వచ్చింది. బాస్ ఇవాళ అమ్మ అన్నాడు. నేను చెప్పలేదు. లాయర్ మేడమే మొదట విన్నారు. ఇద్దరికీ అర్థమైంది. మీ పని మీది, మీ గది మీది. నా నోరే పాడుచేసింది. తప్పు నాదండీ."

ఆమె కళ్ళు నిండాయి. అంతలో నా గుండెలమీంచి సైరన్ రెండు చేతులూ ఆమెకేసి చాచి గట్టిగా అరిచింది.

"అత్తా!"

నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. "విన్నారా? అంది! అనేసింది! మొదటిసారి..."

ఆమె ఆశ్చర్యపోలేదు. పెదవి కొరుక్కుని, వానకేసి చూస్తూ నవ్వు ఆపుకుంటోంది. ఆ మొహం నాకు బాగా తెలుసు. సాయంత్రం లాయర్ మేడమ్ ముందు నేను పెట్టిన మొహమే అది.

"మొదటిసారి కాదా?" అన్నాను.

"నేనేం వినలేదు."

"ఎప్పుడందండీ?"

"బాల్కనీలో వాన చూసిన రోజు," అంది చివరికి. "నన్ను చూసి అంది. ఆ ఇంట్లో దానికి ఆ మాట నేర్పే మనిషి ఎవరా అని ఆలోచించక్కర్లేకపోయింది. అద్దం అవతల మైకు ఆపేసుకుని కూర్చున్నారు."

"అప్పట్నుంచీ తెలుసా మీకు? మరి చెప్పలేదేం?"

"మొదటివి మేం చెప్పం, మామయ్యగారూ. ఎవరివి వాళ్ళే వినాలి. ఎవరివి వాళ్ళే చెప్పాలి."

ఇంకేం మిగిలింది? చెప్పాను. వానలో, పాప నా గడ్డం పీకుతుంటే, ఇష్టమని, చాలా రోజుల్నుంచీ ఇష్టమని చెప్పాను. ఆమె అంతా విని, తాళంచెవి తిప్పి మళ్ళీ తలుపు తెరిచింది. సూట్‌కేసు లోపల పెట్టింది.

"నాకూ ఇష్టమే. కానీ పనీ కావాలి, గదీ కావాలి. గీత సంగతి లాయర్ మేడమ్‌తో మీరే మాట్లాడుకోండి."

మెట్లమీద చెప్పుల చప్పుడు. అక్క తడిసి ముద్దై వచ్చింది. వస్తూనే ఆమె చేతులు పట్టుకుంది. "నన్ను క్షమించమ్మా. ఇకమీదట నేను అడిగితే చెప్పు. అడక్కపోతే చెప్పకు. సరేనా?"

"సరే మేడమ్."

"అత్తా!" అంది సైరన్.

అక్క నోరు తెరిచేసింది. "ఏమందీ? అత్త అందా? ఇప్పుడేనా? ఇదేనా మొదటిసారి?"

అడిగింది. అడిగితే చెప్పాలి. ఇప్పుడే కదా ఒప్పుకున్నాం? ఆమె నావైపు చూసింది. నేను ఆమెవైపు చూశాను.

"నీ ముందు ఇదే మొదటిసారి అక్కా," అన్నాను.

అక్క మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. లాయర్ మేడమ్ ఒక్కరే మొహాలు చదవగలరనుకున్నాను, పొరపాటు. అక్క సైరన్‌ని నా దగ్గర్నుంచి తీసుకుని ఆమె చేతికిచ్చింది.

"గీత గీసినావిడకి నేను చెప్పుకుంటాలే," అంది అక్క. "నా కూతురే వరస తేల్చేశాక మనమెంత? ఇంకా మేడమ్ ఏంటి? వదినా అను."